తూటాకి నీళ్లు పడవు

తుపాకీని మరిగే నీళ్లతో కడుగుతారంటే మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుకోనీండి. నా చిన్నతనమంతా పోలీసు క్వార్టర్స్‌లో గడిచింది. మా నాన్న కానిస్టేబులు. ఫైరింగ్ ప్రాక్టీసు ఉన్న రోజున క్వార్టర్స్‌లో ఆడవాళ్లంతా అన్నం ఎసరు పక్కన పెట్టి ముందు నీళ్లు కాచేవారు. సలసల కాగే గిన్నెల్ని గుడ్డలతో పట్టుకుని ఆయుధాల గది వరండా దాకా మోసుకెళ్లాలి. అక్కడ మా నాన్నా, తోటివాళ్లూ తుపాకీ గొట్టంలో గరాటు పెట్టి ఆ నీళ్లు పోసేవారు. రెండో కొస నుంచి నల్లటి మురికి కారేది. తెచ్చేలోగా నీళ్లు చల్లారితే మా అమ్మ పని అయిపోయినట్టే. తుపాకీకి జలుబు చేస్తుందా ఏమిటి అని ఆవిడ గొణుక్కునేది. ఆ వేడి ఎందుకో నాకు చాలా ఏళ్లకి, సముద్రం దాటాక తెలిసింది.

ఆ తుపాకీ పేరు త్రీ నాట్ త్రీ. అదేదో మంత్రం అనుకునేదాన్ని. అంగుళాన్ని వెయ్యి పాళ్లు చేస్తే అందులో మూడు వందల మూడు పాళ్లు దాని గొట్టం లోపలి వెడల్పు. అంతకుమించి ఆ పేరులో ఏమీ లేదు. ఇంగ్లీషువాళ్లు రాణిగారి కాలంలో తమ సైన్యం కోసం చేసుకున్నారు. రెండు పెద్ద యుద్ధాలు దాంతోనే చేశారు. మన దేశంలో కూడా దాన్ని తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టారు. వాళ్లు పోయారు, అది పోలేదు. జనం బియ్యం కొట్ల మీద పడినా, ఎన్నికల్లో రెండు వర్గాలు తలలు పగలగొట్టుకున్నా మా నాన్న భుజానికి అదే వేలాడేది. దాని తూటా సంగతి ఆయన ఒకసారి అమ్మకి చెబుతుంటే విన్నాను. మొన దగ్గర సీసం ఉండదట, తేలికైన సరుకేదో కూరుతారట, బరువంతా వెనక ఉంటుందట. అందుకని ఒంట్లోకి దిగగానే తిరగబడిపోతుందట. దిగిన చోట చిన్న కన్నం, లోపలంతా ఛిద్రం. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

డెబ్బైల చివర్లో దుబాయ్ వెళ్లాను. ఎందుకెళ్లానంటే మా వైపు ఆడవాళ్లు ఎందుకు వెళతారో అందుకే. ఆ కథ అందరిదీ ఒకటే కాబట్టి ఇక్కడ చెప్పను. దేరాలో, నైఫ్ బజారుకి నడిచి వెళ్లేంత దూరంలో ఒక అరబ్బుల ఇల్లు. పెద్ద కుటుంబం. నాకంటే ముందే అక్కడ పనిచేస్తున్న ఒకావిడ ఉంది, రాజోలు వైపు మనిషి. వరసేమీ లేకపోయినా మొదటి రోజే వదినా అని పిలిచేశాను. వరస కలిపితే వేళాకోళమాడే హక్కు వస్తుంది కదా. వంటిల్లు ఆవిడది, మిగతా ఇల్లు నాది.

మా వదినకి శుభ్రం పిచ్చి. ఆవిడ తోమిన గిన్నెలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు, ప్రభువుని నమ్మిన మనిషి కాబట్టి ఆవిడ పెట్టుకోదు గానీ. నైఫ్‌లో మలయాళీల కొట్టు నుంచి చింతపండు ముద్దలు ముద్దలుగా తెప్పించేది. సగం చేపల పులుసులోకి, సగం ఇత్తడిలోకి. అరబ్బుల ఇళ్లలో కాఫీ కాచే పొడుగు ముక్కు ఇత్తడి కూజాలుంటాయి, దల్లా అంటారు. పొగబట్టి నల్లగా ఉండే ఆ దల్లాలని చింతపండు గుజ్జులో నానేసి, బూడిదతో రుద్ది, నీళ్లలో జాడించి ఎండలో పెట్టేది. ఇంటి కోడలు, అంటే మా యజమానురాలు, వాటిని చూసి చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. యజమానురాలిని అక్కడ మామా అంటారు. మనకి వరసైన మామ కాదు లెండి. ఆ మామా చుట్టాలందరికీ ఆ దల్లాలు చూపించి, మా వదిన చేతిలో ఏదో మందుందని చెప్పేది. మా వదిన ఆ పొగడ్తకి నాలుగు రోజులు గాల్లో తేలేది.

ఆ ఇంట్లో పెద్దాయన మామాకి మామగారు. భార్య పోయింది. వయసులో ఉన్నప్పుడు ఇంగ్లీషు ఆఫీసర్ల కింద ఎడారి దళంలో సిపాయిగా చేశాడు. ఆ దళం ఎప్పుడో పోయింది కానీ ఆయన తుపాకీ మాత్రం మగవాళ్లు కూర్చునే మజ్లిస్ గోడకి వేలాడుతూ ఉండేది. నేను వెళ్లిన మొదటి నెలలోనే దాన్ని గుర్తుపట్టాను. మా నాన్న భుజం మీది మనిషే. పరాయి దేశంలో మన ఊరివాడు కనబడితే ఎంత సంతోషిస్తామో, దాన్ని చూస్తే నాకు అంత ఒళ్లు మండింది. ఇక్కడికి కూడా తగలడ్డావా అనుకున్నాను.

శుక్రవారాలు ఆయన కొడుకుల్ని తీసుకుని ఎడారిలోకి వెళ్లి నాలుగు తూటాలు కాల్చి వచ్చేవాడు. రాగానే మాయ్ హార్, మాయ్ హార్ అని కేక. వేడినీళ్లు. మా వదిన కెటిల్ తెచ్చి గుమ్మంలో పెట్టి, పామును చూసినట్టు పారిపోయేది. ఒకసారి ఆవిడకి నడుం పట్టేస్తే నేను తీసుకెళ్లాను. కెటిల్‌తో పాటు గరాటూ, పట్టుకోవడానికి రెండు గుడ్డలూ తీసుకెళ్లాను. పెద్దాయన నా వైపు వింతగా చూశాడు.

"గరాటు తెమ్మని నీకెవరు చెప్పారు?" అని ఉర్దూలో అడిగాడు.

"మా నాన్న పోలీసు, బాబా. త్రీ నాట్ త్రీ."

"త్రీ నాట్ త్రీ!" అని ఆయన బోసినోటితో నవ్వాడు.

ఆ రోజు నుంచి ఆ పని నాదైపోయింది. నేను నీళ్లు పోసేదాన్ని, ఆయన గొట్టం పట్టుకుని కబుర్లు చెప్పేవాడు. ఆయన ఉర్దూ బొంబాయి రేవులో నేర్చుకున్నది, నాది దుబాయ్ వంటింట్లో నేర్చుకున్నది. రెండూ కుంటివే కాబట్టి బాగానే కలిసి నడిచాయి. ఆయన తండ్రి దగ్గర దీనికంటే ముసలి తుపాకీ ఉండేదట. అదీ ఇంగ్లీషువాళ్లదే. కింద ఉన్న పిడి లాగితే నోరు తెరుస్తుంది. ఒక్క తూటా పెట్టాలి, కాల్చాలి, మళ్లీ పెట్టాలి. తూటా బొటనవేలంత లావు. పేలితే పొగ మబ్బులా కమ్మేసి, ఎక్కడి నుంచి కాల్చారో ఊరందరికీ తెలిసిపోయేది. మస్కట్ నుంచి పడవలో వచ్చిన ఆ తుపాకీని ఆయన తండ్రి ఒక ఒంటెనిచ్చి కొన్నాడట. ఆ రోజుల్లో తుపాకులు తెచ్చి అమ్మినవాళ్లలో తెల్లవాళ్లున్నారు, ఆ పడవల్ని ఓడలతో తరిమినవాళ్లూ తెల్లవాళ్లే. తొట్టిలో పిల్లని గిల్లి జోల పాడటం వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

తర్వాత ఒకేసారి పది తూటాలు పట్టే ఈ త్రీ నాట్ త్రీ వచ్చింది. దీని గొప్పంతా తూటాలో ఉందనేవాడు పెద్దాయన. మొదట్లో దీంట్లో కూడా పొగమందే పోశారట, కొన్నాళ్లకే మార్చేశారట. ఒకసారి పటకారుతో ఒక తూటా మొన పీకి లోపల చూపించాడు. మందంటే నల్లటి పొడి అనుకున్నాను. కాదు. చిన్న అట్టముక్క మూత, దాని కింద తేనెరంగు పుల్లలు, అచ్చంగా సేమ్యా కట్టలా. అరచేతిలో పోస్తే గలగలమన్నాయి. ఇత్తడి అడుగున తయారైన సంవత్సరం, ఏవో అక్షరాలు. కొన్ని ఇంగ్లండువి, కొన్ని మన దేశంలో చేసినవి. "నువ్వూ ఇదీ ఒకే పడవలో వచ్చారు" అని నన్ను ఆటపట్టించేవాడు. నాకు నవ్వు రాలేదు.

వేడినీళ్ల రహస్యం కూడా ఆయనే విప్పాడు. తూటా అడుగున మధ్యలో చిన్న టోపీ ఉంటుంది. సూది దాన్ని పొడిస్తే అది నిప్పు పుట్టించి సేమ్యాని అంటిస్తుంది. ఆ టోపీలోని మందు కాలి, ఉప్పులాంటిది గొట్టంలో మిగిలిపోతుంది. ఉప్పు తేమని పీల్చి ఇనుముని తినేస్తుంది. నూనె రాస్తే పోదు, మరిగే నీళ్లకే కరుగుతుంది. అలాగని టోపీకి మాత్రం చుక్క తడి తగలకూడదు, నూనె కూడా తగలకూడదు. తూటాని పొడిగుడ్డతో తుడవాలి, అంతే.

"తుపాకీకి నీళ్లు కావాలి, తూటాకి నీళ్లు పడవు" అనేవాడు.

ఇంకో మాట కూడా చెప్పేవాడు, చిన్నకొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెప్పేవాడు. మీట నొక్కితే టిక్కుమని ఊరుకుందనుకో, పేలలేదని తుపాకీ దించకు, తూటా వెనక మూసి ఉండే ఇనుప తలుపు లాగి తెరవకు. మొన ఆకాశం వైపే ఉంచి, ఫాతిహా మొదటి నుంచి చివరిదాకా చదువు. పాడైన టోపీ నిప్పుని కాసేపు దాచుకుని అప్పుడు వదులుతుంది. మనం నమాజులో చెప్పే ఆ నాలుగు మాటల పాటు ఓపిక పట్టనివాడు తుపాకీ ముట్టుకోకూడదు. చిన్నకొడుకు తలూపేవాడు. వాడికి ఓపిక తప్ప అన్నీ ఉండేవి.

తల్లి పోయేనాటికి వాడు పసివాడు. మా వదినే పెంచింది. పులుసన్నం ముద్దలు చేసి ఆవిడ పెడితేనే తినేవాడట. నేను వదినా అని పిలుస్తుంటే వాడూ వదీనా అని దీర్ఘం తీసి పిలవడం మొదలుపెట్టాడు. మీసాలొచ్చాక కూడా బయటి నుంచి రాగానే తిన్నగా వంటింట్లోకి వచ్చి, "వదీనా, బులుసు" అని పులుసు గిన్నె మూత తీసేవాడు. ఆవిడ గరిటెతో కొట్టబోయేది, వాడు ముద్ద నోట్లో వేసుకుని పరిగెత్తేవాడు. ఆ కాస్త గొడవా లేకపోతే మాకక్కడ ఊపిరాడేది కాదు.

ఎనభైల మొదట్లో పెద్దాయన నడిమి కొడుకు పెళ్లి కుదిరింది. పెళ్లికి మూడు రోజుల ముందు నన్ను మామా పుట్టింటికి పంపారు, అక్కడ వంటకి మనుషులు చాలలేదని. పెద్దాయన మేకలు తేవడానికి తోట వైపు వెళ్లాడు. నేనూ లేను, ఆయనా లేడు. అన్న పెళ్లిలో ఆ తుపాకీ పేల్చే మర్యాద చిన్నకొడుక్కి ఇస్తానని ఆయన ఎప్పుడో మాటిచ్చాడు. మామా పెట్టె తెరిచి తూటాల తోలు పట్టా తీసింది. ఏళ్ల తరబడి ఉప్పుగాలికి తూటాలన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. పెళ్లికి పదిమంది చూస్తారు కదా, వీటిని కూడా దల్లాల్లాగా చేసిపెట్టు అని మా వదిన చేతికిచ్చింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

పెళ్లి రోజు మధ్యాహ్నం నేను తిరిగొచ్చాను. ఇంటి ముందు ఇసక మైదానంలో మగవాళ్లు రెండు వరసలుగా ఎదురెదురు నిలబడి సన్నటి బెత్తాలు ఊపుతూ ఆడుతున్నారు. డప్పులు మోగుతున్నాయి. పక్కనే ఆడవాళ్ల గుడారం. ఆ గుడ్డ సందులోంచి మగవాళ్ల వైపు చూస్తే చిన్నకొడుకు కనిపించాడు. తెల్లటి అంగరఖా మీద అడ్డంగా తూటాల పట్టా. ఒక్కొక్క తూటా ఎండలో దగదగ మెరుస్తోంది. మొదట ముచ్చటేసింది. ఆ వెంటనే సందుకి మొహం ఆనించి మళ్లీ చూశాను. గుడ్డతో తుడిస్తే ఇత్తడికి అంత మెరుపు రాదు. ఆ ఎర్రటి పసుపు చాయ నేను పుట్టినప్పటి నుంచి ఎరుగుదును. అది చింతపండు చాయ.

వదిన గుడారం వెనక పళ్లేలు కడుగుతోంది. చెయ్యి పట్టుకుని అడిగాను.

"వదినా, ఆ తూటాలు దేంతో తోమేవు?"

"దేంతో ఏంటే? సింతపండుతోనే. చిలుము వొదలకపోతే రేత్రంతా నానేసేను. పొద్దున్నే ఏడినీళ్లలో జాడించి ఎండబెట్టేను" అంది మురిసిపోతూ. "ఎలాగున్నాయి? బంగారవే కదా!"

"ఏడినీళ్లా?"

"ఆ తుపాకీని ఏడినీళ్లతోనే కదే కడుగుతారు? నువ్వే కదా పోస్తావు!"

నా మొహం ఎలా మారిందో నాకు తెలియదు. మైదానంలో మొదటి తుపాకీ పేలింది. మగవాళ్లలోకి మేం వెళ్లకూడదు. గుడారం పక్కన కారు తుడుచుకుంటూ మా డ్రైవరు కనిపించాడు, కరీంనగర్ వైపు అబ్బాయి, నన్ను అక్కా అంటాడు. పరిగెత్తాను.

"తమ్ముడూ, పెద్ద బాబా దగ్గరికెళ్లు. చిన్న బాబా దగ్గరున్న తూటాలు తడిసినయ్యని చెప్పు. పేల్చొద్దని చెప్పు. తొందరగా!"

"ఏందక్కా, గా తుపాకుల నడిమికి నన్ను వొమ్మంటవా?" అని అతను వెనక్కి తగ్గాడు. "మా ఊల్లె పోలీసోల్ల తుపాకులకు బయపడి గదా ఈడికొచ్చి పడ్డ." అంటూనే నా మొహం చూసి చేతిలో గుడ్డ కింద పడేశాడు. "సరె, వోతున్న" అని కదిలాడు.

నేను మళ్లీ గుడ్డ సందు దగ్గరికి వచ్చాను. చిన్నకొడుకు తుపాకీ ఆకాశానికెత్తి ఒకటి పేల్చాడు. బాగానే పేలింది. రెండోది కూడా పేలింది. నా కంగారే గానీ ఏం కాదేమో అనుకున్నాను. డ్రైవరు జనాన్ని తోసుకుంటూ పెద్దాయన దగ్గరికి చేరాడు. పెద్దాయనకి కళ్లలో పొర, దూరపు చూపు సరిగా ఆనదు. అందుకే పొద్దుటి నుంచీ కొడుకు గుండెల మీద మెరుస్తున్నదేమిటో ఆయనకి తెలియలేదు. చెవి వంచి విన్నాడు. తలెత్తి కొడుకు ఎక్కడున్నాడో వెతుక్కున్నాడు.

చిన్నకొడుకు మూడోసారి మీట నొక్కాడు. భుజం అదరలేదు. పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు, ఒకడు వీపు మీద చరిచాడు. వాడు ఒక్క క్షణం మొన పైకే పట్టుకున్నాడు. వాడికి తెలుసు, ఎన్నోసార్లు చెప్పించుకున్నాడు. పెద్దాయన చేతులెత్తి అరుస్తున్నాడు, డప్పుల్లో ఆ అరుపు ఎవరికీ వినబడటం లేదు. ఆ నవ్విన కుర్రాళ్లంటే నాకిప్పటికీ కోపం. వాడు సిగ్గుపడి తుపాకీ దించి, మొహానికి దగ్గరగా పెట్టుకుని, తలుపు లాగాడు.

తుపాకీ పేలిన చప్పుడు కాదది. పొడిగా, చిన్నగా, పెనం పగిలినట్టు. వాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. రెండు చేతులూ కళ్ల మీద. వేళ్ల సందుల్లోంచి నెత్తురు మోచేతుల దాకా కారి తెల్లబట్టల్లోకి ఇంకింది. డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. "ప్రభువా" అని నా వెనక మా వదిన గొంతు. ఆడవాళ్లు వెళ్లకూడదన్న మాట మర్చిపోయి ఆవిడ మైదానంలోకి పరిగెత్తింది. ఆవిణ్ణి ఎవరూ ఆపలేదు.

కుడికన్ను ఆ రోజే పోయింది. ఎడమకంటి కోసం లండన్ తీసుకెళ్లారు. ఆ తుపాకీ ఏ దేశంలో పుట్టిందో ఆ దేశానికే కళ్లు ఇమ్మని వెళ్లారు. అక్కడి డాక్టర్లు చేయగలిగింది చేశారు. ఒక ఏడాదిలో ఆ వెలుగు కూడా పోయింది.

ఇల్లంతా ఎవరికి తోచింది వాళ్లన్నారు. దిష్టి అంది మామా. పిల్లకాయల చేతికి తుపాకీ ఇవ్వడమే తప్పన్నారు చుట్టాలు. పోలీసులొచ్చి పెద్దాయన్ని అడిగారు. "నా తూటాలు. యుద్ధం నాటివి. నేనే ఇచ్చాను" అన్నాడాయన. మామా ఏదో చెప్పబోతే కళ్లతో ఆపేశాడు. తూటాలు ఎవరు తోమారో పోలీసులకి తెలిస్తే మా వదిన గతేమిటో నేను ఊహించగలను. ఆ దేశంలో పనిమనిషి నోటికి విలువెంత? జైలే అవుతుందో, పిల్లవాడికి కావాలనే ఇలా చేసిందంటారో. నాకు తిండి దిగలేదు. ఆవిడ మాత్రం ఏమీ తెలియనట్టే, ఆస్పత్రికి గంజి కాచి పంపడంలో మునిగిపోయింది.

తర్వాతి శుక్రవారం నమాజు నుంచి వచ్చి పెద్దాయన మాయ్ హార్ అన్నాడు. నేను కెటిల్ తీసుకెళ్లాను. ఆ తుపాకీ ఆయన ఒళ్లో ఉంది. ఎప్పటిలా గరాటు పెట్టాను, నీళ్లు పోశాను. ఆయన ఏ కబురూ చెప్పలేదు. గొట్టం తుడవడం అయ్యాక పట్టాలో మిగిలిన తూటాల్లోంచి ఒకటి తీసి పటకారుతో మొన పీకాడు. అరచేతిలో కొట్టాడు. గలగలమనలేదు. అట్టముక్క మెత్తగా నాని ఉంది. సేమ్యా పుల్లలు గోధుమరంగు తిరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నా ముక్కు దగ్గర పెట్టాడు.

"షూ హాదా?" అన్నాడు. ఏమిటిది అని.

పుల్లటి వాసన. కొంచెమే, కానీ ఉంది. మా నాన్న దగ్గర నేను చిన్నప్పుడు కూడా అబద్ధమాడలేదు, తన్నుతాడని. ఈయన తన్నేవాడు కాదు. పోయినవి ఈయన కొడుకు కళ్లు. అడిగేది న్యాయం. అవతల వంటింట్లో మా వదిన అంట్లు తోముతున్న చప్పుడు వినబడుతోంది.

"తెలియదు, బాబా" అన్నాను.

ఆయన పొర కమ్మిన కళ్లతో నన్ను చాలాసేపు చూశాడు. నేను కెటిల్ కింద పెట్టేశాను. ఆయన తల తిప్పి వంటింటి వైపు చూశాడు. అక్కడ అలమరలో దల్లాలు వరసగా మెరుస్తున్నాయి. ఆయన కళ్ల కింద నీళ్లు దిగాయి.

"ఇంగ్లీజుల సామాను" అన్నాడు చివరికి. "పాతబడిపోయింది. ఖలాస్."

మిగిలిన తూటాలన్నీ డబ్బాలో పోయించి, డ్రైవరుని పిలిచి, క్రీక్ వైపు, అదే ఊరి మధ్య సముద్రపు పాయ వైపు, తీసుకెళ్లమన్నాడు. అతను తిరిగొచ్చేసరికి చేతిలో డబ్బా లేదు. తుపాకీని మళ్లీ గోడకి పెట్టారు, దాని తలుపు ఊడదీసి. ఆ తలుపు ఏం చేశాడో ఎవరికీ చెప్పలేదు. ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ నన్ను మాయ్ హార్ అడగలేదు. నాలుగేళ్లకి ఆయనా పోయాడు.

చూపు పోయిన ఆ పిల్లవాడికి మా వదిన మళ్లీ మొదటి నుంచి తల్లి అయింది. చెయ్యి పట్టుకుని నడిపించేది. కంచంలో ఏది ఎక్కడుందో వేలు పెట్టి చూపించేది. మొదట్లో వాడు గిన్నెలు విసిరేసేవాడు, గోడకి తల కొట్టుకునేవాడు. ఆవిడ నోరెత్తకుండా ఏరుకునేది. చేపల పులుసు కూడా మానలేదు, కానీ చింతపండుకి బదులు అరబ్బుల ఎండునిమ్మకాయలు వేసి చేసేది. నాకు మండుకొచ్చేది. "ఇది పులుసేనా వదినా, కషాయంలా ఉంది" అనేదాన్ని. "పిల్లోడికి ఇదే బాగుందంటన్నాడే" అనేది. దల్లాలు కూడా కొట్లో అమ్మే పాలిష్‌తో రుద్దేది. పెద్దదవుతోంది, ఓపిక తగ్గింది కాబోలు అనుకున్నాను.

ఒకరోజు పొద్దున్న వరండాలో వాడికి గోళ్లు తీస్తోంది. నేను పక్కన బట్టలు మడతపెడుతున్నాను. వాడు ఉన్నట్టుండి అడిగాడు. "వదీనా, ఆ రోజు నా పట్టాలో తూటాలు ఎలా ఉన్నాయి? అందరూ చూశారు, నేనే సరిగా చూసుకోలేదు."

"బంగారంలా ఉన్నాయి, బాబూ" అంది ఆవిడ. చేతిలో గోళ్లకత్తెర ఆగలేదు. పాపం, ఈవిడకేం తెలుసు అనుకుని నేను లోపలికి వెళ్లి ఏడ్చాను. ఎప్పటికైనా చెప్పాలా, చెప్పకూడదా అని ఆ ఏళ్లన్నీ నాలో నేను కొట్టుకున్నాను. చెబితే ఆవిడ ఆ పిల్లవాడి మొహం చూడగలదా? చూడలేక వెళ్లిపోతే వాడికి ముద్ద పెట్టేదెవరు? చెప్పకుండా మింగాను. అది నాకు చాలా బరువైన పని అనీ, ఆవిడ కోసం నేనెంతో మోస్తున్నాననీ ఒక గర్వం కూడా ఉండేది.

ఎనభైల చివర్లో నేను ఇంటికి వచ్చేశాను. బయలుదేరే రోజు సామాను కారులో పెట్టించి వంటింట్లోకి వెళ్లాను. మా వదిన జుట్టు బాగా నెరిసింది. చేపలు కడుగుతోంది. ఏడవకుండా ఉండాలని ఏదో ఒకటి మాట్లాడాలనుకున్నాను.

"వదినా, మనూరి నుంచి నీకేం పంపించను? కొత్త చింతపండు పంపించనా? ఆ నిమ్మకాయల కషాయం మానేసి ఒక్కసారి మంచి పులుసు పెట్టుకుందువు గాని."

ఆవిడ చేపని నీళ్లలోకి జారవిడిచింది.

"వొద్దే" అంది. "ఆ పెళ్లినాటి నుంచీ ముట్టుకోలేదు."

కొళాయి కారుతోంది. నేను వెళ్లి దాన్ని కట్టేశాను.

"నీకు తెలుసా, వదినా?"

"దేంతో తోమేవని అడిగినప్పుడు నీ మొహం సూసేను కదే" అంది. "నువ్వు దాత్తన్నావు కదా, నా కోసం. నీ మనసు కష్టపెట్టడం దేనికని ఊరుకున్నాను."

ఆవిడని పట్టుకోవాలనుకున్నాను. ఆవిడ చేతులు తడివి, చేపల వాసనవి, దూరంగా పెట్టుకుంది. బయట డ్రైవరు హారన్ కొట్టాడు. లోపలి గదిలోంచి కర్ర గోడకి తగిలిన చప్పుడైంది.

"వదీనా!"

"వత్తన్నా, బాబూ" అని ఆవిడ చేతులు కడుక్కుని లోపలికి వెళ్లిపోయింది.